బంకమట్టి లైనర్ పారగమ్యతను క్షేత్రంలో పరీక్షించే పద్ధతి

చెత్తను పూడ్చిపెట్టే ల్యాండ్‌ఫిల్ అడుగున వేసే బంకమట్టి పొర (లైనర్) పారగమ్యత గుణకం, అంటే నీటిని అది ఎంత వేగంగా పోనిస్తుందో చెప్పే అంకె, సెకనుకు 1×10⁻⁷ సెంటీమీటరుకు మించకూడదన్నది మన దేశంలో ఈ పనికి కొలబద్ద. పురపాలక ఘన వ్యర్థాలపై 2000లో వచ్చిన నియమాలు, వాటి స్థానంలో వచ్చిన 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు రెండూ ఇదే అంకెను చెప్పాయి. 1.5 మి.మీ. మందం గల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, దాని కింద 90 సెం.మీ. మందాన బంకమట్టి లేదా మెరుగుపరచిన మట్టి ఉండాలని, ఆ మట్టి అడుగుకు కనీసం రెండు మీటర్ల దిగువన భూగర్భ జలమట్టం ఉండాలని అవి నిర్దేశించాయి. కాగితం మీది ఈ అంకెను నేల మీదికి తెచ్చి చూస్తే, జలప్రవణత (నీటిని తోసే ఎత్తును, అది దాటే మట్టి మందంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి) ఒకటిగా ఉన్నప్పుడు ఏడాది మొత్తంలో సుమారు 3 సెం.మీ. నీరు మాత్రమే ఆ పొర గుండా దిగవచ్చునని అర్థం. నడివేసవిలో మన చెరువుల నుంచి మూడు నాలుగు రోజుల్లో ఆవిరైపోయే నీటి మట్టం దాదాపు అంతే ఉంటుంది. ఇంత నెమ్మదైన కదలికను ఆరుబయట, ఎండలో, మట్టి మీద కొలవవలసి రావడమే ఈ పరీక్షలోని కష్టం. అందుకే ఇందులో పని నీరు ఎంత ఇంకిందో చూడటంతో ముగియదు. ఇంకకుండా మరో దారిన పోయిన నీటిని లెక్క నుంచి తీసివేయడమే ఇందులో ఎక్కువ భాగం.

ప్రయోగశాల అంకె ఎందుకు చాలదు

లైనర్ నుంచి గొట్టంతో తీసిన ఏడెనిమిది సెంటీమీటర్ల వ్యాసం గల నమూనాను ప్రయోగశాలకు పంపి, మట్టి పరీక్షల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2720 పదిహేడవ భాగం ప్రకారం గానీ, ట్రయాక్సియల్ సెల్‌లో రబ్బరు తొడుగు వేసి గానీ పారగమ్యత కొలవడం అందరూ చేసేదే. అది అవసరమే కానీ, ఆ ఒక్క ఫలితంతో లైనర్ బాగుందని తేల్చడం తగదు. చెడ్డ లైనర్‌లో నీరు బంకమట్టి రేణువుల మధ్య నుంచి కాక, సరిగా నలగని మట్టిపెళ్లల సందుల్లోంచి, ఒక పొర మరో పొరతో అతకని చోటు నుంచి, ఎండకు విచ్చిన నెర్రెల్లోంచి దారి చేసుకుంటుంది. అటువంటి సందు మీటరుకు ఒకటి ఉన్నా లైనర్ పనికిరాకుండా పోతుంది, కానీ అరచేతిలో ఇమిడే నమూనాలో అది పడే అవకాశం చాలా తక్కువ. ఒకవేళ పడినా, పగిలిన ముక్కను చెడిపోయిన నమూనాగా భావించి పక్కన పెట్టి, గట్టిగా ఉన్న ముక్కనే పరీక్షకు ఎంచుకుంటారు. పైగా ట్రయాక్సియల్ సెల్‌లో చుట్టూ ఇచ్చే ఒత్తిడికి ఉన్న కాస్త సందూ మూసుకుపోతుంది. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ డేనియల్ 1984లో ప్రచురించిన పరిశీలనలో, బంకమట్టి లైనర్ల అసలు పారగమ్యత ప్రయోగశాల అంకెల కంటే సాధారణంగా 10 నుంచి 1000 రెట్లు ఎక్కువగా తేలింది. విశాలమైన చోట నీరు నిలిపి పరీక్షించాలన్న పట్టుదలకు బలం వచ్చింది ఇటువంటి ఫలితాల వల్లనే.

ముందు టెస్ట్ ప్యాడ్ కట్టాలి

పరీక్ష వారాల తరబడి సాగుతుంది, పైగా దాని కోసం మట్టిలో కందకాలు కోయాలి. కాబట్టి దాన్ని అసలు లైనర్ మీద చేయకుండా, లైనర్ పని మొదలుకాక ముందే పక్కన ఒక టెస్ట్ ప్యాడ్ (లైనర్‌కు నమూనాగా వేసే మట్టి దిమ్మె) కట్టి దాని మీద చేయడం మేలు. ప్యాడ్ వెడల్పు రోలర్ పక్కపక్కన కనీసం మూడు బాటలు తిరగగలిగేంత, పొడవు రోలర్ తన మామూలు వేగాన్ని అందుకోగలిగేంత ఉండాలి. ఆచరణలో 10 నుంచి 15 మీటర్ల వెడల్పు, 20 మీటర్లకు తగ్గని పొడవు, 60 నుంచి 90 సెం.మీ. మందం సరిపోతాయి.

ప్యాడ్‌కు వాడే మట్టి, రోలర్, నీళ్ల ట్యాంకరు, రోలర్ నడిపే వ్యక్తి, రోలర్ తిరిగే సార్లు అన్నీ రేపు అసలు లైనర్‌కు వాడబోయేవే కావాలి. ప్యాడ్ కోసం ప్రత్యేకంగా మట్టిని జల్లించి, రోలర్‌ను రెట్టింపు సార్లు తిప్పి సాధించిన ఫలితం ఆ ప్యాడ్‌కు మాత్రమే వర్తిస్తుంది, లైనర్ గురించి అది ఏమీ చెప్పదు.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం మట్టి పదును. ఐఎస్ 2720 ఏడవ, ఎనిమిదవ భాగాల ప్రకారం కంపాక్షన్ (మట్టిని దట్టించి చూసే) పరీక్ష చేసి ఆప్టిమం తేమ శాతం, అంటే సాంద్రత అత్యధికంగా వచ్చే తేమ, కనుక్కున్న తరువాత, మట్టిని దానికంటే రెండు నుంచి నాలుగు శాతం ఎక్కువ తేమతో తొక్కించాలి. రోడ్డు పని అలవాటైన వారికి ఇది మింగుడుపడదు. వారు సాంద్రత అత్యధికంగా వచ్చే తేమ దగ్గరే ఆగుతారు. కానీ ఆ తేమకు తక్కువైతే మట్టిపెళ్లలు రాళ్లలా బిగిసి ఉండి, రోలర్ కింద కూడా తమ ఆకారం వదలవు. కాస్త ఎక్కువ తేమ ఉంటే అవి పిండిలా నలిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సాంద్రత కొద్దిగా తగ్గినా పారగమ్యత పదుల రెట్లు తగ్గేది అందుకే. నీరు చల్లిన వెంటనే తొక్కించకుండా, పెద్ద పెళ్లలను చిదిపి, మట్టిని కప్పి కనీసం ఒక రాత్రి నానబెడితే తేమ పెళ్ల లోపలి దాకా చేరుతుంది. చేతికి తడిగా తగిలే పెళ్లను విరిచి చూసినప్పుడు మధ్యలో లేతరంగు పొడి గుండు కనిపించిందంటే, ఆ మట్టి ఇంకా పదునుకు రాలేదన్నమాట.

ఒక్కో పొర తొక్కిన తరువాత 15 సెం.మీ. మించకూడదు. షీప్‌ఫుట్ రోలర్ పళ్లు అంతకంటే పొడవుగా ఉండి, కొత్త పొరను దాటి కింది పొరలోకి దిగాలి. నున్నని డ్రమ్ము రోలర్‌తో తొక్కితే ప్రతి పొర పైనా అద్దంలాంటి తలం ఏర్పడి, రెండు పొరల మధ్య నీరు అడ్డంగా పరుగెత్తుతుంది. పని ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట పై తలాన్ని గీరి, తడిపి, ఆ తరువాతే కొత్త మట్టి పోయాలి. ప్రతి పొరలో కోర్ కట్టర్‌తో సాంద్రత, తేమ చూసి రాసుకోవాలి, తీసిన గుంతలను బెంటొనైట్ (నీటికి బాగా ఉబ్బే బంకమట్టి పొడి) కలిపిన మట్టితో దట్టించి మూయాలి.

తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో చేతికందే నల్లరేగడి గురించి ఒక మాట చెప్పాలి. తడిగా ఉన్నంతకాలం దానంత బాగా నీటిని ఆపే మట్టి మరొకటి దొరకదు, ఆరిందంటే మాత్రం అది చేసే నష్టం ఇంతా అంతా కాదు. నేను పనిచేసిన ఒక చోట ప్యాడ్ పూర్తయిన సాయంత్రం పండగ సెలవులు వచ్చాయి. ఏప్రిల్ ఎండలో మూడు రోజులు దాని మీద గోనెపట్టా కూడా లేదు. తిరిగి వచ్చేసరికి నెర్రెల్లోకి ఐదు రూపాయల బిళ్ల నిలువుగా దిగింది. పైన నీరు చల్లగానే ఆ నెర్రెలు కంటికి కనబడకుండా మూసుకున్నాయి కానీ, కోసి చూస్తే లోపల అలాగే ఉన్నాయి. పై పొరలు తవ్వి మళ్లీ వేయవలసి వచ్చింది. అందువల్ల చివరి పొర తొక్కిన గంటలోనే ప్యాడ్‌ను ప్లాస్టిక్ పట్టాతో కప్పి, అంచుల మీద మట్టి వేసి, పరికరాలు అమర్చే దాకా తీయకుండా ఉంచాలి.

మూత ఉన్న జంట రింగుల పరీక్ష

పారగమ్యత పరీక్షల్లో నేను అన్నిటికంటే నమ్మేది సీల్డ్ డబుల్ రింగ్ ఇన్‌ఫిల్ట్రోమీటర్. దీని విధానాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి డి 5093 ప్రమాణం వివరిస్తుంది. వ్యవసాయ శాఖ వారు పొలాల్లో వాడే తెరిచిన రింగులు ఇక్కడ పనికిరావు. మన హద్దు అంకె దగ్గర, జలప్రవణత మూడు ఉన్నా, రోజుకు దిగే నీరు మిల్లీమీటరులో నాలుగో వంతు మాత్రమే. తెరిచిన నీటి మీద వేసవి ఆవిరి అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కొలవవలసినది కొలత లోపంలోనే కొట్టుకుపోతుంది. అందుకే లోపలి రింగుకు మూత పెడతారు.

బయటి రింగు సుమారు 3.6 మీటర్ల భుజం గల చతురస్రం. అల్యూమినియం లేదా ఇనుప రేకులను గ్యాస్కెట్లు పెట్టి బోల్టులతో బిగిస్తారు. లోపలిది 1.5 మీటర్ల భుజం గల ఫైబర్‌గ్లాస్ మూత. దాని పై భాగం ఒక వైపు కాస్త ఎత్తుగా ఉంటుంది, లోపల చేరే గాలి బుడగలు ఆ వైపుకు వచ్చి అక్కడి గొట్టం గుండా బయటకు పోవడానికి. రెంటినీ సుత్తితో కొట్టి మట్టిలోకి దించకూడదు. ఒక్క దెబ్బకు అంచు వెంట మట్టి విచ్చిందంటే పరీక్ష అక్కడే చెడినట్టు. బయటి రింగుకు సుమారు 45 సెం.మీ. లోతున, లోపలి దానికి 10 నుంచి 15 సెం.మీ. లోతున సన్నని కందకాలు కోసి, వాటిని బెంటొనైట్ గ్రౌట్‌తో (నీటితో కలిపిన ముద్దతో) నింపి, రింగు అంచును అందులోకి నెమ్మదిగా దించాలి. గ్రౌట్ జారిపోయేలా పల్చగా ఉండకూడదు, తాపీతో ఎత్తితే నిలిచేంత చిక్కగా ఉండాలి. కందకం గోడలకు అంటుకున్న వదులు మట్టిని ముందే చేత్తో తీసివేయాలి. రింగు దిగిన తరువాత అంచు పొడవునా గ్రౌట్‌ను వేళ్లతో అదిమి, ఎక్కడా గాలి ఖాళీ లేదని నిర్ధారించుకోవాలి. అర రోజు పట్టే ఈ పనిని తొందరపడి గంటలో ముగించిన ప్రతిసారీ పరీక్ష మళ్లీ మొదటికి వచ్చింది.

రెండు రింగుల మధ్య ఉన్న జాగాలో 15, 30, 45 సెం.మీ. లోతుల్లో మూడేసి చొప్పున తొమ్మిది టెన్సియోమీటర్లు పెట్టాలి. మట్టిలోని చూషణ శక్తి (నీటిని పీల్చుకునే బలం) తగ్గుతూ వచ్చి సున్నా అయిన రోజు, తడి ఆ లోతుకు చేరిందని అవి చెబుతాయి. తరువాత నేల మీద గోనెపట్టా పరిచి, దాని మీద సన్నగా నీరు వదలాలి. పైపు నీరు నేరుగా మట్టి మీద పడితే పై తలం కోసుకుపోతుంది. నీరు రెండు రింగుల్లోనూ ఒకేసారి పెరిగేలా చూడాలి, లేకపోతే లోపలి మూత తేలి అంచు ఊడుతుంది. బయటి రింగులో మట్టం 30 సెం.మీ.కు చేరేసరికి లోపలి రింగు పూర్తిగా మునిగి ఉంటుంది. వడకట్టిన, తేటగా ఉన్న నీరు వాడాలి, బురద నీటిలోని ఒండ్రు మట్టి రంధ్రాలను పూడ్చి, లైనర్ ఉన్నదానికంటే మంచిదని చూపిస్తుంది.

కొలత తీసే సాధనం మామూలు సెలైన్ బ్యాగు వంటి పల్చని సంచి. నీటితో నింపి తూకం వేసిన సంచిని గొట్టంతో లోపలి రింగుకు కలిపి, బయటి రింగు నీటిలోనే ముంచి ఉంచుతారు. సంచి మెత్తనిది కనుక చుట్టూ ఉన్న నీటి ఒత్తిడే దాని లోపలా ఉంటుంది. అందువల్ల మూత ఉబ్బదు, కుంగదు, అంచు దగ్గర నీరు లోపలికీ బయటికీ పోవలసిన కారణమూ ఉండదు. లోపలి రింగు కింద మట్టిలోకి ఎంత నీరు దిగితే అంత నీరు సంచి నుంచి తరుగుతుంది. నిర్ణీత సమయం తరువాత సంచి తీసి తూచితే, తగ్గిన గ్రాములే దిగిన మిల్లీలీటర్లు. సంచి పూర్తిగా ఖాళీ అయ్యే దాకా వదిలేస్తే ఒత్తిడి సమానత పోయి ఆ రీడింగు పనికిరాదు.

అంకెను చెడగొట్టేవి

రీడింగు తీసే వేళ మీద అంతా ఆధారపడి ఉంటుంది. లోపలి రింగులో 200 లీటర్ల నీరు ఉందనుకుందాం. 30 డిగ్రీల దగ్గర నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 60 మి.లీ. వ్యాకోచిస్తుంది. ఐదు డిగ్రీల తేడాకు 300 మి.లీ. అవుతుంది. 1×10⁻⁷ దగ్గర, తడి 15 సెం.మీ. లోతుకు దిగి ఉన్నప్పుడు, రోజు మొత్తంలో దిగే నీరు 580 మి.లీ. మాత్రమే. ఉదయం కలిపిన సంచిని మిట్టమధ్యాహ్నం తీస్తే కనిపించేది లైనర్ గుణం కాదు, ఎండ తీవ్రత. కాబట్టి ప్రతిరోజూ ఒకే వేళకు, వీలైతే సూర్యోదయం ముందు సంచి మార్చాలి. నీటి ఉష్ణోగ్రతను ప్రతిసారీ రాయాలి. రెండు రీడింగుల మధ్య తేడా రెండు డిగ్రీలు మించితే ఆ రీడింగును లెక్క నుంచి తప్పించాలి. రింగు పైన పందిరి వేసి, ప్లైవుడ్ కప్పి, బయటి గోడల చుట్టూ మట్టికట్ట పోస్తే ఈ తేడా చాలావరకు అదుపులో ఉంటుంది.

రెండవది మట్టి ఉబ్బడం. నల్లరేగడిలో పై తలం రోజుకు 0.05 మి.మీ. లేచినా, లోపలి రింగు వైశాల్యం మీద అది 110 మి.లీ. పైచిలుకు నీటికి సమానం. ఆ నీరు మట్టి లోపలే ఆగింది, పొర దాటి పోలేదు. బయటి రింగు మీదుగా సన్నని ఉక్కు తీగ బిగించి, దాని నుంచి లోపలి రింగు పైభాగానికి ఉన్న దూరాన్ని కొలుస్తూ ఉంటే ఉబ్బు ఎంతో తెలుస్తుంది. ఆ నీటిని మొత్తం నుంచి తీసివేయాలి.

గాలి బుడగలను రెండు మూడు రోజులకు ఒకసారి ఎత్తు వైపు గొట్టం గుండా వదిలించాలి. సంచికి సూదిమొన అంత రంధ్రం పడినా అది తూకంలో కనిపిస్తుంది కనుక, రింగుకు కలపని మరొక నిండు సంచిని అదే నీటిలో ముంచి, రోజూ తూచి చూడటం మంచి అలవాటు. దాని తూకం మారుతోందంటే లోపం సంచుల్లో ఉన్నట్టు.

మొదటి రోజుల్లో మట్టి ఆత్రంగా నీరు పీల్చుకుంటుంది కాబట్టి అంకెలు ఎక్కువగా ఉండి, క్రమంగా తగ్గి నిలకడకు వస్తాయి. వారం దాటినా తగ్గకపోతే, లేదా తగ్గుతూ వచ్చి హఠాత్తుగా పెరిగితే, ముందు గొట్టాల బిగింపులను, తరువాత అంచు గ్రౌట్‌ను చూడాలి. నిలకడ రావడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ గడువును ఒప్పందంలోనే రాయించుకోకపోతే, పదో రోజుకే ఫలితం ఇవ్వమన్న ఒత్తిడి తప్పదు.

లెక్క కట్టడం

నిలకడ వచ్చిన ఒక రోజున 24 గంటల్లో, ఉబ్బు తీసివేయగా, 410 మి.లీ. దిగిందనుకుందాం. లోపలి రింగు వైశాల్యం 22,500 చదరపు సెం.మీ., కాలం 86,400 సెకన్లు. భాగిస్తే ఇంకుడు వేగం సెకనుకు 2.1×10⁻⁷ సెం.మీ. అవుతుంది. ఇదే పారగమ్యత అనుకోవడం తరచుగా జరిగే తప్పు. దీన్ని జలప్రవణతతో భాగించాలి. పైన నీరు 30 సెం.మీ., టెన్సియోమీటర్ల ప్రకారం తడి దిగిన లోతు 20 సెం.మీ. అయితే, ఆ రెంటి మొత్తాన్ని తడి లోతుతో భాగించగా ప్రవణత 2.5 వస్తుంది. కనుక పారగమ్యత 8.4×10⁻⁸. నీరు 32 డిగ్రీల వద్ద ఉంటే దాని స్నిగ్ధత (చిక్కదనం) 20 డిగ్రీల నాటి దానిలో 0.76 వంతే ఉంటుంది. ప్రామాణికమైన 20 డిగ్రీలకు సవరిస్తే 6.4×10⁻⁸ అవుతుంది. మన వేడిలో ఈ సవరణ చిన్నది కాదు, దాన్ని వదిలేస్తే మంచి లైనర్ కూడా తప్పినట్టు కనిపించవచ్చు.

తడి అంచు దగ్గరి చూషణను కూడా ప్రవణతకు కలిపే పద్ధతి ఒకటి ఉంది. దానితో ప్రవణత పెరిగి పారగమ్యత తక్కువగా వస్తుంది. పొర మొత్తం తడిసిందని భావించే పద్ధతిలో, దానికి విరుద్ధంగా, ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. తడి లోతు పద్ధతి ఈ రెంటికీ నడుమ ఉండి, ఆధారం చూపగలిగేది కనుక, నివేదికలో దాన్నే ఇవ్వాలని నా అభిప్రాయం. ఏ పద్ధతి వాడారో రాయని అంకెను అంగీకరించకూడదు.

బోరు గుంతలో రెండంచెల పరీక్ష

సమయం లేనప్పుడు, లేదా ప్యాడ్‌లో అనేక చోట్ల చూడవలసినప్పుడు ఏఎస్‌టీఎం డి 6391లో చెప్పిన రెండంచెల బోరు పరీక్ష ఉపయోగపడుతుంది. సుమారు 10 సెం.మీ. వ్యాసం గల కేసింగ్‌ను (గొట్టాన్ని) గుంతలో దించి, చుట్టూ బెంటొనైట్ నింపి ఒక రాత్రి నాననివ్వాలి. పైన సన్నని పారదర్శక గొట్టం బిగించి, నీటి మట్టం దిగే వేగం చూడాలి. మొదటి అంచెలో నీరు కేసింగ్ అడుగు నుంచే పోతుంది కాబట్టి నిలువు పారగమ్యత ప్రభావం ఎక్కువ. రెండవ అంచెలో కేసింగ్ కింద గుంతను మరికొంత పొడిగించడంతో అడ్డంగా పోయే నీరు ప్రధానమవుతుంది, పొరల అతుకులు ఎంత బాగున్నాయో అప్పుడు తెలుస్తుంది. లోపలి వ్యాసం 12.5 మి.మీ. గల గొట్టంలో, కేసింగ్ అడుగు నుంచి 150 సెం.మీ. ఎత్తున్న నీరు, పారగమ్యత 1×10⁻⁷ అయితే, మొదటి అంచెలో ఒక రోజుకు సుమారు 26 సెం.మీ. దిగుతుంది. ఈ తనిఖీ అంకెను గుర్తుంచుకుంటే తేడా వెంటనే పట్టుకోవచ్చు. అడుగు మూసిన మరో కేసింగ్‌ను పక్కనే పెట్టి, దానిలో మట్టం ఎండకు ఎంత మారుతోందో చూసి, ఆ మేరకు సవరించాలి. ఒక్క గుంత పరీక్షించే వైశాల్యం స్వల్పం కనుక ప్యాడ్‌కు కనీసం ఐదు చోట్లయినా చేయాలి.

పరీక్ష ముగిశాక

నీరు తోడివేసిన తరువాత ప్యాడ్‌ను కోయకుండా వదిలేయకూడదు. లోపలి రింగు ఉన్న చోట నిలువుగా కోసి, రెండున్నర సెంటీమీటర్లకు ఒక నమూనా తీసి తేమ చూస్తే, టెన్సియోమీటర్లు చెప్పిన తడి లోతు నిజమో కాదో తేలుతుంది. కోసిన గోడను చేత్తో తడిమి చూడాలి. రెండు పొరల మధ్య మట్టి ఆకులా విడివడుతుంటే, ఈసారి అంకె హద్దులోనే వచ్చినా, రోలర్ పళ్లు కింది పొరను అందుకోవడం లేదని గ్రహించి పొర మందం తగ్గించాలి.

అంకె హద్దు దాటితే, మరికొన్ని సార్లు రోలర్ తిప్పడం కంటే ముందు తేమను, పెళ్లల పరిమాణాన్ని సరిచూడాలి. అవి సరిగా ఉండి కూడా ఫలితం రాకపోతే బెంటొనైట్ కలపడం గురించి ఆలోచించి, కొత్త ప్యాడ్ కట్టి, పరీక్షను మళ్లీ చేయాలి. హద్దులో వస్తే, ఆ ప్యాడ్‌ను కట్టిన తీరు అసలు లైనర్‌కు కట్టుబాటు అవుతుంది. తేమ శాతం ఎంత నుంచి ఎంత వరకు, పొర మందం ఎంత, రోలర్ బరువు ఎంత, ఎన్నిసార్లు తిరగాలి, పెళ్ల ఎంతకు మించకూడదు అన్నవి ఒకే కాగితం మీద రాసి ఇంజినీరు సంతకం చేయాలి. ఆ కాగితం నకలు ఒకటి రోలర్ నడిపే వ్యక్తి దగ్గర, మరొకటి నీళ్ల ట్యాంకరు డ్రైవరు దగ్గర ఉండాలి.